రిపోర్టులో దొరకని జబ్బు

బైపోలార్ డిజార్డర్‌ను తొలిదశలోనే పట్టుకునే రక్తపరీక్ష కోసం ప్రపంచమంతా వెతుకులాట. అది ఎంతదాకా వచ్చింది? అంతవరకు మనం చేయగలిగిందేమిటి?

షుగరుకు రక్తపరీక్ష ఉంది. థైరాయిడ్‌కు ఉంది. మూడో రోజుకు జ్వరం తగ్గకపోతే ల్యాబ్ కుర్రాడు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తాడు. సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో ఉంటుంది. సైకియాట్రిస్టు గదిలో మాత్రం అలాంటిదేమీ జరగదు. ఆయన అబ్బాయితో కాసేపు, తల్లిదండ్రులతో కాసేపు విడివిడిగా మాట్లాడతాడు. చివరికి చీటీ మీద 'బైపోలార్' అని రాస్తాడు. బయట బెంచీ దగ్గరకు రాగానే తోడొచ్చిన మేనమామ అడిగే మొదటి మాట: "ఒక్క టెస్టయినా చేయకుండా జబ్బు పేరెలా చెప్పేశాడు బావా?"

మేనమామ సందేహం అన్యాయమైనదేమీ కాదు. కేంబ్రిడ్జ్, కోపెన్‌హాగెన్, పోర్టో అలెగ్రె, బెంగళూరు ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి జరుగుతున్న పనికి మూలం ఆ సందేహమే. జబ్బు జాడ చెప్పే పదార్థాల్ని బయోమార్కర్లు అంటున్నారు. బైపోలార్‌కు అలాంటివి రక్తంలో దొరుకుతాయా, దొరికితే జబ్బు ముదరకముందే దొరుకుతాయా అన్నది అక్కడి వెతుకులాట. పురోగతి ఉంది, కాదనలేం. కానీ ఇప్పటిదాకా వచ్చిన పరీక్షల్లో ఏదీ ఆ గదిలో జరిగే సంభాషణకు సాటి రాలేదు. పైగా ఆ సంభాషణను కూడా మనం సగం సగమే జరగనిస్తున్నాం.

మొదట వచ్చేది కుంగుబాటు

ఈ జబ్బుకు రెండు కొసలు. ఒకటి ఉన్మాద దశ, వైద్యుల మాటల్లో మేనియా. రాత్రి మూడు గంటలు పడుకుని లేచినా అలసట ఉండదు. మాట ఆగదు, ఒక ఆలోచన పూర్తికాకముందే ఇంకోటి వచ్చి పడుతుంది, చేతిలో డబ్బు నిలవదు. రెండో ఏడు ఇంజనీరింగ్ చదువుతున్నవాడు చదువు పక్కన పడేసి, కంపెనీ పెడతానని తెలిసినవాళ్లందరి దగ్గరా అప్పు తెస్తాడు. వద్దన్నవాళ్ల మీద విరుచుకుపడతాడు. ఇదంతా కనీసం వారం పాటు సాగితే మేనియా. తీవ్రత తక్కువగా ఉండి, వరసగా నాలుగు రోజులైనా కనిపిస్తే హైపోమేనియా. రెండో కొస కుంగుబాటు. ఇది చాలా ఇళ్లకు పరిచయమే: మంచం దిగకపోవడం, ఏ పని మీదా మనసు లేకపోవడం, బతకడం ఎందుకన్న ఆలోచన.

జబ్బు ఉన్మాదంతో మొదలైతే వీధి వీధంతటికీ తెలిసిపోతుంది. చాలామందిలో అలా మొదలవదు. నెదర్లాండ్స్‌లో, బైపోలార్ ఉన్న తల్లి లేదా తండ్రికి పుట్టిన 140 మంది పిల్లల్ని ఎంచుకొని 12 ఏళ్ల పాటు గమనించారు. వాళ్లలో బైపోలార్ బయటపడ్డవాళ్లను చూస్తే 88 శాతం మందికి మొదట వచ్చింది కుంగుబాటే. ఆ సమయంలో వైద్యుడి ముందు కూర్చున్న మనిషికీ, మామూలు డిప్రెషన్ ఉన్న పక్క కుర్చీ మనిషికీ పైకి తేడా ఏమీ ఉండదు. ఇద్దరికీ ఒకే డిప్రెషన్ మందు రాస్తారు. ఒకరు కోలుకుంటారు. బైపోలార్ ఉన్నవాళ్లలో కొందరికి ఆ మందు ఒక్కటే వాడితే కుంగుబాటు నుంచి నేరుగా ఉన్మాదంలోకి మారే ప్రమాదం ఉంది.

27 అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ 2017లో వచ్చింది. జబ్బు మొదలైనప్పటి నుంచి దానికి తగిన చికిత్స అందేదాకా పట్టిన సమయం మధ్యస్థంగా 5.8 ఏళ్లని అందులో తేలింది. ఈ జబ్బు ఎక్కువగా తలెత్తేది పదహారు, పద్దెనిమిదేళ్ల నుంచి ఇరవైల మధ్యదాకా. అంటే ఇంటర్‌లో మొదలైన కథకు సరైన పేరు దొరికేసరికి డిగ్రీ అయిపోతుంది, మొదటి ఉద్యోగం వచ్చి పోయి కూడా ఉంటుంది. మన దేశంలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వెయ్యిమంది పెద్దల్లో సుమారు ఐదుగురు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు బారిన పడుతున్నారు. జబ్బున్నవాళ్లలో దాదాపు 70 శాతం మందికి చికిత్సే అందడం లేదు.

కాబట్టి ల్యాబ్ ముందున్న అసలు ప్రశ్న 'ఇతనికి జబ్బుందా లేదా' అన్నది కాదు. ఇద్దరూ ఒకేలా కుంగిపోయి కూర్చున్నప్పుడు బైపోలార్ ఎవరిది? దానికి జవాబు చెప్పలేని పరీక్ష ఎంత గొప్పదైనా మనకు పనికిరాదు.

ఒక గెలుపు, ఒక భంగపాటు

రక్తం మనసు జబ్బు గుట్టు విప్పిన సందర్భం చరిత్రలో ఒకసారి నిజంగానే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరప్ పిచ్చాసుపత్రుల నిండా ఒక రకం రోగులు ఉండేవారు. తాము రాజులమని, కోట్లకు అధిపతులమని చెప్పుకునేవారు. నిద్ర ఉండదు, ఉత్సాహానికి అంతుండదు. తర్వాత మాట తడబడి, కాళ్లు చేతులు పడిపోయి, కొన్నేళ్లలో చనిపోయేవారు. 1906లో బెర్లిన్‌లో ఆగస్ట్ ఫాన్ వాసర్‌మన్ తన సహచరులతో కలిసి సిఫిలిస్‌కు రక్తపరీక్ష కనిపెట్టాడు. ఈ రోగుల్లో అది పాజిటివ్‌గా వచ్చింది. 1913లో నొగుచి, మూర్ అనే శాస్త్రవేత్తలు అలా చనిపోయినవాళ్ల మెదళ్లలో సిఫిలిస్ క్రిమినే చూపించారు. ఉన్మాదమనుకున్నదాంట్లో ఒక పెద్ద భాగం విడిపోయి సుఖవ్యాధుల ఖాతాలోకి వెళ్లింది. తర్వాత పెన్సిలిన్ వచ్చాక ఆ వార్డులే ఖాళీ అయ్యాయి. మానసిక వైద్యులకు రక్తపరీక్ష మీద ఆశ పుట్టడంలో వింతేముంది?

ఆ ఆశ 1980లలో గట్టిగా దెబ్బతింది. 1981లో అమెరికాలో బెర్నార్డ్ కారల్ బృందం డెక్సామెథాసోన్ పరీక్షను ముందుకు తెచ్చింది. రాత్రి 11 గంటలకు ఒక మాత్ర ఇస్తారు. మరునాడు రక్తంలో కార్టిసాల్ హార్మోన్ చూస్తారు. మామూలుగా అది తగ్గాలి. తగ్గలేదంటే తీవ్రమైన కుంగుబాటు ఉన్నట్టు. దేశదేశాల ఆసుపత్రులు దాన్ని అందిపుచ్చుకున్నాయి. తీరా చూస్తే మతిమరుపు జబ్బున్నవాళ్లకూ, మద్యం ఎక్కువగా తాగేవాళ్లకూ, బరువు బాగా తగ్గినవాళ్లకూ అదే ఫలితం వచ్చింది. పదేళ్లు తిరక్కుండానే వైద్యులు దాన్ని పక్కన పెట్టేశారు. ఆరోగ్యవంతుల పక్కన రోగిని నిలబెడితే ఏ పరీక్షయినా గెలుస్తుంది. ఒక రోగి పక్కన ఇంకో రకం రోగిని నిలబెట్టినప్పుడే దాని సత్తా తెలుస్తుంది. ఇప్పుడు వస్తున్న బయోమార్కర్ వార్తల్ని చదివేటప్పుడు నేను మొదట వెతికేది ఆ ఒక్క విషయమే.

రక్తంలో ఏం వెతుకుతున్నారు?

ఎక్కువ పేరు తెచ్చుకున్నది బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్. మెదడు కణాల మనుగడకు, వాటి మధ్య కొత్త సంబంధాలకు ఇది అవసరం. ఉన్మాదంలోనూ కుంగుబాటులోనూ రక్తంలో ఇది తగ్గుతోందని బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో ఫ్లావియో కాప్చిన్‌స్కీ బృందం మొదలుకొని పలువురు చూపించారు. 2009లో వచ్చిన ఒక అధ్యయనం జబ్బు వచ్చి మూడేళ్లు దాటనివాళ్లనూ, పదేళ్లు దాటినవాళ్లనూ విడివిడిగా చూసింది. పాతబడ్డవాళ్లలో బీడీఎన్ఎఫ్ తగ్గింది, కొత్తవాళ్లలో తగ్గలేదు. వాపును సూచించే ఐఎల్-6, టీఎన్ఎఫ్ మాత్రం ఇద్దరిలోనూ పెరిగాయి. వాపును అదుపు చేసే ఐఎల్-10 తొలిదశలో పెరిగింది. జబ్బు పాతబడేసరికి ఆ పెరుగుదల లేదు. మొదట్లో ఒళ్లు జబ్బును ఎదుర్కొంటుందని, ఏళ్లు గడిచేకొద్దీ ఆ శక్తి సన్నగిల్లుతుందని ఒక ఊహ దీన్నుంచి బయల్దేరింది. బైపోలార్‌ను దశలుగా విభజించాలన్న వాదనకు ఇది బలమిచ్చింది.

ఇక చిక్కులు. బీడీఎన్ఎఫ్ రక్తంలో ఎక్కువగా ప్లేట్‌లెట్లలో దాక్కుని ఉంటుంది. రక్తం గడ్డకట్టేటప్పుడు అది బయటికి వస్తుంది. అందుకే రక్తం గడ్డకట్టాక మిగిలే సీరంలో కొలిస్తే ఒక అంకె, గడ్డకట్టనీయకుండా తీసే ప్లాస్మాలో కొలిస్తే ఇంకో అంకె. గొట్టాన్ని బల్ల మీద ఎంతసేపు ఉంచారన్నదీ లెక్కలోకి వస్తుంది. పైగా మామూలు డిప్రెషన్‌లోనూ అది తగ్గుతుంది. ఐఎల్-6, సీఆర్‌పీ లాంటి వాపు సూచికల సంగతి మరీ అధ్వానం. స్థూలకాయం ఉన్నా, సిగరెట్లు కాల్చినా, చిగుళ్లు వాచినా, నిన్న జ్వరం వచ్చినా అవి పెరుగుతాయి. ఒక్క పదార్థాన్ని పట్టుకుని జబ్బు పేరు చెప్పడం కుదరదని ఇరవై ఏళ్ల పరిశోధన తేల్చింది. ఇప్పుడు పదుల పదార్థాల్ని ఒకేసారి కొలిచి, వాటి కలయికలో తేడా వెతుకుతున్నారు.

ఆ దారిలో బాగా చెప్పుకోదగ్గది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో సబీన్ బాన్, యాకుబ్ తొమాషిక్ బృందం చేసిన పని. 2023 అక్టోబరులో వెలువడింది. నాకు నచ్చిందేమంటే వాళ్లు సరైన ప్రశ్ననే ఎంచుకున్నారు. అప్పటికే డిప్రెషన్ అని పేరు పడ్డవాళ్లలో నిజానికి బైపోలార్ ఎవరిదని అడిగారు. బ్రిటన్‌లో 2018–2020 మధ్య మూడువేల మందికి పైగా ఆన్‌లైన్‌లో ప్రశ్నావళి నింపారు. కొందరు వేలి మీద గుచ్చుకుని, రెండు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి పోస్టులో పంపారు. ఆ మరకల్లో ఆరువందలకు పైగా పదార్థాల్ని కొలిచారు. 241 మందిని విశ్లేషిస్తే 67 మందికి బైపోలార్ అని ఇంటర్వ్యూలో తేలింది. తేడా చూపింది 17 పదార్థాల కలయిక. వాటిలో ముందు నిలిచింది సెరమైడ్ అనే ఒక రకం కొవ్వు. ఆ కలయిక ఎక్కువగా ముడిపడింది జీవితంలో ఎప్పుడో వచ్చిపోయిన ఉన్మాద లక్షణాలతోనే. మనిషి కుంగుబాటులో ఉన్నా పాత ఉన్మాదం రక్తంలో ఏదో జాడ వదిలిందన్నమాట. ఆసక్తి కలిగించే విషయం ఇది.

పరీక్ష సామర్థ్యం 0.71 అని లెక్కగట్టారు. బైపోలార్ ఉన్నవారినొకరినీ డిప్రెషన్ ఉన్నవారినొకరినీ ఎదురెదురుగా పెట్టి బైపోలార్ ఎవరిదో చెప్పమంటే నూటికి 71 సార్లు సరిగ్గా చెబుతుందని ఆ అంకెకు అర్థం. బొమ్మా బొరుసూ వేసినా 50 సార్లు సరిపోతుంది. ప్రశ్నావళితో కలిపి వాడితే ఫలితం మెరుగైంది. విడిగా సరిచూసుకోవడానికి దొరికిన కొత్త రోగులు 30 మంది, వాళ్లలో బైపోలార్ తొమ్మిది మందికే. మంచి ఆరంభం అనొచ్చు. పత్రికల్లో కొన్ని శీర్షికలు అరిచినంత పెద్ద విషయం మాత్రం కాదు.

ఫ్రాన్స్‌లో ఆల్సిడయాగ్ అనే సంస్థ ఇంకో దారి పట్టింది. కణాల్లో జన్యువు నుంచి తయారైన ఆర్‌ఎన్‌ఏలో చిన్న చిన్న దిద్దుబాట్లు జరుగుతుంటాయి. వాటి తీరు బైపోలార్‌లో వేరుగా ఉంటోందని వాళ్లు గుర్తించారు. 160 మంది డిప్రెషన్ రోగుల్నీ 95 మంది బైపోలార్ రోగుల్నీ పోల్చి, జబ్బున్నవాళ్లలో 90.9 శాతం మందిని పట్టుకున్నామని, లేనివాళ్లలో 84.6 శాతం మందిని సరిగ్గా తప్పించామని 2022లో ప్రకటించారు. 'మైఎడిట్-బి' పేరుతో యూరప్‌లో దానికి అమ్మకపు గుర్తింపు కూడా వచ్చింది.

90 శాతం అంటే గొప్పే కదా అనిపిస్తుంది. కాగితం కలం తీసుకుని లెక్క వేద్దాం. జబ్బున్నవాళ్లలో నూటికి 90 మందిని పట్టుకునే, లేనివాళ్లలో నూటికి 15 మందిని తప్పుగా పట్టుకునే పరీక్ష ఉందనుకోండి. దాన్ని ఏదో కాలేజీలో వెయ్యిమంది మీద ప్రయోగిస్తే, వాళ్లలో పదిమందికి జబ్బుందనుకుంటే, తొమ్మిది మంది దొరుకుతారు. ఏ జబ్బూ లేని 990 మందిలో దాదాపు 148 మందికీ 'పాజిటివ్' అని వస్తుంది. మొత్తం 157 రిపోర్టుల్లో నిజమైనవి తొమ్మిది! అదే పరీక్షను సైకియాట్రీ ఓపీకి కుంగుబాటుతో వచ్చిన వెయ్యిమంది మీద, వాళ్లలో 200 మందికి బైపోలార్ ఉందనుకుని చేస్తే, 180 నిజమైనవి, 120 తప్పువి వస్తాయి. అక్కడ అది వైద్యుడికి కాస్త సాయం చేస్తుంది, తీర్పు చెప్పలేదు. రేపు ఏదో ల్యాబ్ దీన్ని ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో కలిపి రాయితీ ధరకు అమ్మడం మొదలుపెడితే జరిగే నష్టాన్ని ఊహించడానికి ఈ లెక్క చాలు.

ఇంట్లో ఒకరికి ఉంటే

తల్లికో తండ్రికో ఈ జబ్బుంటే పిల్లల్లో ముందే కనిపెట్టవచ్చా? ఏ ఇంట్లోనైనా ఈ భయం మాటల్లోకి రాకపోయినా మనసులో ఉంటుంది. ముందు చెప్పిన నెదర్లాండ్స్ పిల్లల రక్తకణాల్ని ఏళ్ల తరబడి పరీక్షించారు. మోనోసైట్లు అనే తెల్లకణాల్లో వాపుకు సంబంధించిన జన్యువులు టీనేజీలో చురుగ్గా ఉన్నాయి, పెద్దయ్యాక సద్దుమణిగాయి. అయితే తర్వాత జబ్బు పడ్డవాళ్లలోనూ పడనివాళ్లలోనూ అదే తీరు. రక్తం ఆ కుటుంబం గురించి ఏదో చెప్పింది కానీ, ఏ పిల్లవాడికి జబ్బు వస్తుందో చెప్పలేదు.

జన్యువుల సంగతీ అంతే. 2025లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం లక్షా 58 వేల మంది రోగుల జన్యు సమాచారాన్ని చూసి, ఈ జబ్బుతో ముడిపడిన 298 చోట్లను గుర్తించింది. ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికి జబ్బున్నప్పుడు మిగతావాళ్లకు వచ్చే అవకాశం నూటికి ఐదు నుంచి పది. అంటే తొంభై మందికి పైగా రాదు. సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీసే మన సమాజంలో ఇలాంటి పరీక్ష తొందరపడి బజారుకొస్తే పెళ్లిచూపుల దాకా వస్తుందన్న భయం నాకుంది. చికిత్స తీసుకుంటూ చక్కగా ఉద్యోగం చేసుకుంటున్న మనిషి జబ్బునే దాచిపెట్టే ఊళ్లలో, ఇంకా రాని జబ్బుకు రిపోర్టు పుట్టిస్తే ఏమవుతుంది?

రాయలసీమ నుంచి ఎన్నో కుటుంబాలు బస్సెక్కి వెళ్లే బెంగళూరు నిమ్‌హాన్స్‌లో వేరే పద్ధతి నడుస్తోంది. అక్కడి వైద్యులు, అదే నగరంలో ఉన్న జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌తో కలిసి 2016 నుంచి, ఒకరికంటే ఎక్కువమందికి మానసిక జబ్బులున్న కుటుంబాల్ని గమనిస్తున్నారు. వాళ్లిచ్చిన రక్తంలోని కణాల్ని మూలకణాలుగా మార్చి, వాటి నుంచి మెదడు కణాల్ని పెంచుతున్నారు. 2023లో రోహిణీ నీలేకని ఇచ్చిన 100 కోట్ల రూపాయలతో ఆ పని పెద్ద కేంద్రంగా మారింది. ఇలాంటి పద్ధతితోనే 2015లో అమెరికాలోని సాల్క్ సంస్థ ఒక ముఖ్యమైన విషయం చూపింది. బైపోలార్ రోగుల నుంచి పెంచిన మెదడు కణాలు మామూలుకన్నా ఎక్కువగా ఉద్రేకపడుతున్నాయి. వాటి మీద లిథియం వేస్తే, ఆ మందు పనిచేసిన రోగుల కణాలు మాత్రమే నెమ్మదించాయి. ఎవరికి ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పడం, జబ్బు పేరు చెప్పడం కన్నా దగ్గర్లో ఉన్న లక్ష్యమని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడున్న పరీక్షల మాటేమిటి?

బైపోలార్ రోగికి ఇవాళే ప్రాణం కాపాడగల రక్తపరీక్షలు ఉన్నాయి. వాటినే మనం ఎగ్గొడుతుంటాం. మొదటిసారి వచ్చిన రోగికి టీఎస్‌హెచ్, బి12, షుగర్, అవసరమైతే సిఫిలిస్ పరీక్ష రాస్తారు. థైరాయిడ్ మందగిస్తే కుంగుబాటులా కనిపిస్తుంది, ఎక్కువైతే ఉన్మాదాన్ని తలపిస్తుంది. ఇవి మరో జబ్బు కాదని తేల్చడానికి.

అంతకన్నా ముఖ్యం లిథియం పరీక్ష. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ పదిమంది ఉన్మాద రోగుల మీద ఈ మామూలు లవణం పనిచేసిందని రాశాడు. అన్నేళ్లు గడిచినా జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో, ఆత్మహత్యల్ని తగ్గించడంలో దాని స్థానం చెక్కుచెదరలేదు. కానీ మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. కేడ్ చికిత్స చేసిన మొట్టమొదటి రోగి అద్భుతంగా కోలుకుని, 1950లో లిథియం విషప్రభావంతోనే చనిపోయాడు. అప్పట్లో రక్తంలో దాన్ని కొలిచి మోతాదు సరిచేసే అలవాటు లేదు. ఇప్పుడు ఉంది. మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీస్తారు. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. 1.5 దాటితే ప్రమాదం.

ఎండాకాలంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. రోహిణీ కార్తె ఎండల్లో చెమట పట్టినా, విరేచనాలైనా ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి, రక్తంలో లిథియం పెరుగుతుంది. ఎవరో చెప్పారని పథ్యం పేరుతో ఒక్కసారిగా ఉప్పు మానేసినా పెరుగుతుంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలతోనూ పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దీనితో పాటు ఆరు నెలలకోసారి కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి.

ఇక ఏ ల్యాబూ చేయలేని పరీక్ష ఒకటి కుటుంబం చేతిలో ఉంది. కుంగుబాటుతో ఉన్న మనిషి తన పాత ఉత్సాహపు రోజుల్ని జబ్బుగా ఎప్పుడూ చెప్పడు. అవి తన మంచి రోజులనే అనుకుంటాడు. అందుకే మొదటిసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు అతన్ని దగ్గర్నుంచి చూసిన అక్కో, భార్యో, హాస్టల్ స్నేహితుడో తోడు వెళ్లండి. నిద్ర తగ్గినా నీరసం లేకుండా వరసగా కొన్ని రోజులు గడిపాడా, అప్పుడు ఎప్పుడూ లేనంతగా మాట్లాడాడా, ఖర్చు పెట్టాడా, గొడవలు పడ్డాడా అన్నది చెప్పండి. డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టాక అకస్మాత్తుగా మరీ హుషారయ్యాడా అన్నది చెప్పండి. పెదనాన్నకో అమ్మమ్మకో ఇలాంటిది ఉండేదని తెలిస్తే పరువు కోసం దాచకండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.